ట్రబుల్సమ్ వాగు, దాని లోయలోని పల్లెలు

ట్రబుల్సమ్ క్రీక్ అమెరికాలో కెంటకీ రాష్ట్రపు తూర్పు కొండల్లో, అపలాచియన్ పర్వతసీమలో పారే వాగు. దీని కుడి, ఎడమ పాయలు నాట్ కౌంటీ కేంద్రమైన హైండ్‌మన్‌లో కలుస్తాయి. అక్కడి నుంచి వాగు మెలికలు తిరుగుతూ పడమటి దిక్కుగా సాగి, పెర్రీ కౌంటీ దాటి, బ్రెతిట్ కౌంటీలోని హాడిక్స్ దగ్గర కెంటకీ నది ఉత్తర పాయలో పడుతుంది. ఆ నీరు చివరికి ఒహాయో నది మీదుగా మిసిసిపీకి చేరుతుంది. ఈ వాగు ఒడ్డున పెద్ద ఊరు ఒక్కటీ లేదు. 2020 జనాభా లెక్కల్లో నాట్ కౌంటీ అంతా కలిపి 14,251 మంది. అయినా అమెరికా గ్రామీణ విద్య చరిత్రలోనూ, జానపద సంగీతంలోనూ, రక్తవ్యాధుల వైద్యంలోనూ, బొగ్గు కంపెనీలతో రైతులు పడిన పోరులోనూ దీని పేరు మళ్ళీ మళ్ళీ వస్తుంది. ఇవన్నీ వేర్వేరు కథల్లా కనిపిస్తాయి గాని, వాటి అడుగున ఒకే భౌగోళిక సత్యం ఉంది. ఈ సీమలో ఇల్లు కట్టుకోదగిన చదును నేల దాదాపు అంతా వాగు పక్కనే ఉంది.

కంబర్లాండ్ పీఠభూమిలో ఇది బాగా కోతకు గురైన భాగం. సుమారు 31 కోట్ల సంవత్సరాల కిందట ఇక్కడ చిత్తడి అడవులు, నదీముఖాలు ఉండేవి. అప్పుడు పేరుకున్న ఇసుక, బురద, వృక్షశేషాలు కాలక్రమంలో ఇసుకరాయిగా, షేల్‌గా, బొగ్గుగా మారాయి. ఈ శిలాసముదాయానికి భూగర్భ శాస్త్రజ్ఞులు బ్రెతిట్ కౌంటీ పేరే పెట్టారు. పొరలు ఎక్కువగా వంగకుండా, విరగకుండా పడకవేసినట్టే ఉండిపోయాయి. వాటిని లక్షల ఏళ్ళుగా నీరు కోయడం వల్ల చెట్టు కొమ్మల్లా చీలిన ఇరుకు లోయలు ఏర్పడ్డాయి. కొండలు మరీ ఎత్తైనవి కావు, కానీ వాలు నిటారుగా ఉంటుంది. రెండు గట్ల నడుమ కొన్నిచోట్ల వాగు, రోడ్డు, ఒక వరస ఇళ్ళు తప్ప మరొకటి పట్టదు. బొగ్గుపొరలు కొండ పక్కల్లో చారల్లా బయటికి కనిపిస్తాయి. ఆ సులువే తరువాతి కాలంలో ఈ సీమ తలరాత మార్చింది.

వాలు మీద పెరిగే అడవి ఉత్తర అమెరికాలోకెల్లా వృక్షజాతుల వైవిధ్యం ఎక్కువగా ఉన్న అడవుల్లో ఒకటి. ట్యూలిప్ పాప్లర్, ఓక్, బీచ్, మేపుల్, హికరీ కలిసి పెరుగుతాయి. నీడన జిన్‌సెంగ్ దొరుకుతుంది. దాని వేరు తవ్వి అమ్ముకోవడం తరతరాలుగా కొండ కుటుంబాలకు చేతి ఖర్చులు ఇచ్చిన పని. ఒకప్పుడు ఈ అడవికి రాజు అమెరికన్ చెస్ట్‌నట్ చెట్టు. దాని కాయలు మనుషులకూ, అడవిలో వదిలిన పందులకూ ఆహారం. విదేశం నుంచి వచ్చిన శిలీంధ్ర తెగులు 1930 దశకం నాటికి ఈ ప్రాంతంలో ఆ చెట్లను దాదాపు తుడిచిపెట్టింది.

తెల్లవారి వలస ఇక్కడికి పద్దెనిమిదో శతాబ్దం చివర, పందొమ్మిదో శతాబ్దం మొదట్లో వర్జీనియా, నార్త్ కరోలినాల నుంచి వచ్చింది. కూంబ్స్, రిచీ, ఫ్యూగేట్, స్టేసీ, నోబుల్ వంటి ఇంటిపేర్లు నేటికీ ప్రతి మలుపులో వినిపిస్తాయి. మొదట వచ్చినవారు వాగు పక్కన ఒండ్రు నేల పట్టుకున్నారు. వారి పిల్లలు ఉపవాగుల వెంట పైకి జరిగారు, మనవలు ఇంకా పైకి. అందువల్ల ఒక్కో ఇరుకు లోయలో దాదాపు అంతా ఒకే కుటుంబం వారు ఉండడం పరిపాటి. అలాంటి లోయను స్థానికులు 'హాలర్' అంటారు. చిరునామా చెప్పాలన్నా వాగునే ఆధారం చేసుకుంటారు: ఫలానా వాగు తల దగ్గర, ఫలానా పాయ కలిసేచోట. చదును నేల పంటకు, ఇంటికి కావాలి కాబట్టి చనిపోయినవారిని కొండ మీద, గట్టు చివర పాతిపెట్టేవారు. ఆ కుటుంబ శ్మశానాలకు ఏటా పూలు పట్టుకెళ్ళే ఆచారం ఇంకా ఉంది.

హైండ్‌మన్ నుంచి దిగువకు వస్తే క్యారీ, ఎమ్మలీనా, ఫిస్టీ, తరువాత పెర్రీ కౌంటీలో డ్వార్ఫ్, ఏరీ, ఇంకా కిందికి రౌడీ, క్లేహోల్, చివర హాడిక్స్ వస్తాయి. వీటిలో చాలా ఊళ్ళు తపాలా కార్యాలయంతో పుట్టినవే. తపాలా శాఖకు ఏదో ఒక పేరు ఇవ్వాలి కాబట్టి దగ్గరి మనిషి పేరో, పక్క వాగు పేరో పెట్టేవారు. డ్వార్ఫ్‌కు ఆ పేరు పొట్టి జెర్రీగా పిలిచే జెరమయా కూంబ్స్ వల్ల వచ్చింది. అంతకుముందు ఆ చోటు పేరు టన్నెల్ మిల్. అక్కడ వాగు మెలికలో కొండను సొరంగంగా తొలిచి, నీటిని పిండిమరకు మళ్ళించారు. బాల్స్ ఫోర్క్ అనే ఉపవాగు మీది సాఫ్ట్ షెల్ అనే ఊరికి బాప్టిస్టుల్లో ఒక శాఖ పేరు పెట్టారు.

ప్రధాన పంట మొక్కజొన్న. కొండవాలు మీద కూడా గుద్దలితో తవ్వి వేసేవారు. చిక్కుడు, గుమ్మడి దాని మధ్యనే అల్లుకునేవి. నేటికీ బీన్స్ సూప్, మొక్కజొన్న రొట్టె ఇక్కడి ఇంటి భోజనం. నేల పలచబడిన కొద్దీ, కుటుంబాలు పెరిగిన కొద్దీ వ్యవసాయం బతుకుకు చాలకుండా పోయింది. పైగా బయటికి దారి కష్టం. చాలాచోట్ల వాగు అడుగే బండి దారి. ఎండాకాలం రాళ్ళ మీద చక్రాలు విరిగేవి, వానాకాలం దారే మునిగిపోయేది. రైలు 1891లో బ్రెతిట్ కౌంటీలోని జాక్సన్ వరకు వచ్చింది. అక్కడి నుంచి హైండ్‌మన్‌కు సుమారు 45 మైళ్ళు. బండి మీద రెండు రోజుల ప్రయాణం. ఈ ఏకాంతాన్ని బయటివారు చాలాకాలం వెనుకబాటుతనంగానే చిత్రించారు. అది న్యాయం కాదు. కోర్టు కేసులు, తపాలా, వర్తకం, ఎన్నికల ద్వారా ఈ లోయకు బయటి లోకంతో సంబంధం ఎప్పుడూ ఉంది. నాట్ కౌంటీని 1884లో ఏర్పరచినప్పుడు అప్పటి గవర్నర్ ప్రోక్టర్ నాట్ పేరు కౌంటీకి, లెఫ్టినెంట్ గవర్నర్ జేమ్స్ హైండ్‌మన్ పేరు దాని కేంద్రానికి పెట్టారు.

బయటి పెట్టుబడి మొదట అడవి కోసం వచ్చింది. దుంగలను వాగుల్లో వేసి, వరద నీటితో నదిలోకి తేల్చి, తెప్పలుగా కట్టి దిగువ కోతమిల్లులకు తీసుకెళ్ళేవారు. జాక్సన్ దగ్గరి క్విక్‌శాండ్‌లో మిల్లు నడిపిన మోబ్రే అండ్ రాబిన్సన్ కంపెనీ, ట్రబుల్సమ్‌లో కలిసే బక్‌హార్న్ క్రీక్ ప్రాంతంలో అడవినంతా నరికింది. నరకడం అయ్యాక, 1923లో భాగస్వామి ఇ. ఓ. రాబిన్సన్ సుమారు 15,000 ఎకరాలను కెంటకీ విశ్వవిద్యాలయానికి ధర్మకర్తృత్వం కింద అప్పగించాడు. వందేళ్ళలో అక్కడ అడవి మళ్ళీ లేచింది. రాబిన్సన్ అరణ్యం ఇప్పుడు పరిశోధన కేంద్రం. చుట్టూ తవ్విపోసిన గనుల మధ్య, కలుషితం కాని వాగు ఎలా ఉంటుందో కొలిచి చూడడానికి శాస్త్రజ్ఞులకు మిగిలిన కొద్ది చోట్లలో ఇదొకటి.

ఈ వాగు పేరు బయటి లోకానికి ఎక్కువగా తెలిసింది నీలి రంగు చర్మం గల ఫ్యూగేట్ కుటుంబం వల్ల. మార్టిన్ ఫ్యూగేట్ అనే వ్యక్తి 1820 ప్రాంతంలో ట్రబుల్సమ్ ఒడ్డున స్థిరపడి ఎలిజబెత్ స్మిత్‌ను పెళ్ళాడాడని కుటుంబ కథనం. వారి సంతతిలో కొందరికి పెదవులు, గోళ్ళు, కొన్నిసార్లు ఒళ్ళంతా నీలంగా ఉండేది. కారణం రక్తంలో ఉంది. హీమోగ్లోబిన్‌లోని ఇనుము ఆక్సీకరణ చెందితే అది ప్రాణవాయువును మోయలేదు, రంగు కూడా గోధుమ-నీలంగా మారుతుంది. ఆరోగ్యవంతుల్లో అలాంటి హీమోగ్లోబిన్ సుమారు ఒక శాతమే ఉంటుంది. ఎందుకంటే ఒక ఎంజైము దాన్ని ఎప్పటికప్పుడు మామూలు రూపానికి తిప్పుతూ ఉంటుంది. తల్లి నుంచీ తండ్రి నుంచీ కూడా లోపించిన జన్యువు వచ్చినవారిలో ఆ ఎంజైము చాలినంత ఉండదు. ఈ స్థితిని మెట్‌హీమోగ్లోబినీమియా అంటారు. మార్టిన్, ఎలిజబెత్ ఇద్దరిలోనూ ఈ అరుదైన జన్యువు ఉండడం కాకతాళీయం. అది తరాల తరబడి బయటపడుతూ ఉండడానికి కారణం లోయ స్వరూపం. వధూవరులు పక్క పాయలోని బంధువుల నుంచే దొరికేవారు.

1960 దశకం మొదట్లో కెంటకీ విశ్వవిద్యాలయ రక్తవ్యాధి నిపుణుడు మాడిసన్ కావైన్, రూత్ పెండర్‌గ్రాస్ అనే నర్సు సాయంతో ఈ కుటుంబాలను వెతికి పరీక్షించాడు. అలాస్కా స్థానిక తెగల్లో ఇదే లోపం గురించి అప్పటికే వచ్చిన పరిశోధన అతనికి దారి చూపింది. చికిత్స వినడానికి వింతగా ఉంటుంది: మిథిలీన్ బ్లూ అనే నీలి రంగు మందు. అది శరీరంలో మరో మార్గం గుండా ఇనుమును తిరిగి మామూలు స్థితికి తెస్తుంది. సూది వేసిన కొద్ది నిమిషాల్లోనే రోగుల చర్మం గులాబీ రంగుకు మారింది. ఆ తరువాత రోజూ మాత్రలు ఇచ్చాడు. పరిశోధన ఫలితాలు 1964లో వెలువడ్డాయి. రోడ్లు, ఉద్యోగాలు వచ్చి పెళ్ళిళ్ళు దూరాలకు పాకిన కొద్దీ ఈ లక్షణం కనుమరుగయింది. నీలి మనుషుల్లో చాలామంది మామూలు ఆరోగ్యంతో, కొందరు ఎనభై ఏళ్ళు దాటి బతికారు. వారిని బాధించింది జబ్బు కన్నా చూసేవారి చూపే. సంచలనం కోసం వారి కథను వంకరగా రాసినవారు వైద్యంలోని అందమైన ఒక పరిష్కారాన్ని పక్కన పెట్టి, ఒక పేద కుటుంబాన్ని తరతరాలు సిగ్గుపడేలా చేశారు.

ఈ లోయ చరిత్రలో నిజంగా పెద్ద అధ్యాయం హైండ్‌మన్ సెటిల్‌మెంట్ స్కూలు. నగరాల్లో చదువుకున్న స్త్రీలు పేదల బస్తీలకు వచ్చి నివసిస్తూ సేవచేసే పద్ధతి అప్పటికే ఉంది. దాన్ని అమెరికాలో తొలిసారి పల్లెకు తెచ్చినవారు క్యాథరీన్ పెటిట్, మే స్టోన్. 1899లో హజార్డ్ పట్టణంలో వారు డేరాలు వేసి వంట, కుట్టు, చదువు నేర్పే వేసవి శిబిరం నడిపారు. హైండ్‌మన్ నుంచి సాల్ ఎవరిజ్ అనే వృద్ధుడు చెప్పుల్లేకుండా నడిచి అక్కడికి వెళ్ళి, తమ పిల్లలకూ చదువు కావాలని వారిని పిలిచాడన్న సంగతి ఇక్కడ తరతరాలుగా చెప్పుకుంటారు. వేలిముద్ర పెట్టే తరం తన మనవల కోసం అక్షరం అడిగిందన్నది ఇందులో గమనించవలసిన విషయం. చదువును బయటివారు తెచ్చి రుద్దలేదు. 1902లో వాగు పాయలు కలిసే చోటనే పాఠశాల మొదలైంది. దూరపు లోయల పిల్లలు అక్కడే ఉండి, పని చేస్తూ చదువుకునేవారు. పెటిట్ 1913లో హార్లాన్ కౌంటీకి వెళ్ళి పైన్ మౌంటెన్ పాఠశాల స్థాపించింది. స్టోన్ హైండ్‌మన్‌లోనే నిలిచింది.

పాఠశాల చదువుతో ఆగలేదు. కొండ ప్రాంతంలో ట్రకోమా అనే అంటు కంటిజబ్బు పలువురి చూపు తీస్తుండేది. 1911 నుంచి లెక్సింగ్టన్ కంటి వైద్యుడు జె. ఎ. స్టకీ ఇక్కడ శిబిరాలు నడిపాడు. ఆ తరువాత ప్రజారోగ్య శాఖ హైండ్‌మన్‌లో ట్రకోమా ఆసుపత్రి తెరిచింది. పాఠశాల తొలి పట్టభద్రుడు జొసయ్యా కూంబ్స్ తన కొండల పాటలను సేకరించి, 1925లో పారిస్ విశ్వవిద్యాలయంలో ఫ్రెంచి భాషలో సిద్ధాంతవ్యాసం సమర్పించాడు. ఇంగ్లండు నుంచి వచ్చిన సెసిల్ షార్ప్ 1917లో హైండ్‌మన్‌లో రిచీ కుటుంబపు అమ్మాయిల నోట పాత గాథాగీతాలు రాసుకున్నాడు. ఇక్కడ వార్డెనుగా పనిచేసిన లూసీ ఫర్మన్ నవలలు రాసి పాఠశాలకు దేశమంతటా పేరు తెచ్చింది, అయితే వాటిలో తమను చిత్రించిన తీరు స్థానికులకు అంతగా నచ్చలేదు.

రచయిత జేమ్స్ స్టిల్ 1930 దశకం మొదట్లో గ్రంథపాలకుడిగా వచ్చి, పుస్తకాలు పెట్టెలో పెట్టుకుని కాలినడకన ఒకే గది బడులకు మోసుకెళ్ళేవాడు. అతని నవల 'రివర్ ఆఫ్ ఎర్త్' 1940లో వచ్చింది. పొలానికీ బొగ్గు గనికీ మధ్య ఊగిసలాడే కుటుంబం కథ అది. కొండ బతుకును లోపలి నుంచి చూసిన పుస్తకాల్లో దానికి సాటి తక్కువ. స్టిల్ 2001లో మరణించేవరకు నాట్ కౌంటీ వదల్లేదు. 1930 దశకంలోనే, ఆర్థిక మాంద్యపు ఉపాధి పథకం కింద, స్త్రీలు గుర్రాల మీద వాగుల వెంట పుస్తకాలు పంచే సంచార గ్రంథాలయం హైండ్‌మన్ నుంచీ నడిచింది. ఈ నేల మీద పుట్టిన కార్ల్ పెర్కిన్స్ 1949 నుంచి 1984లో మరణించేవరకు కాంగ్రెస్ సభ్యుడు. పేద పిల్లల బడులకు కేంద్ర నిధులిచ్చే 1965 నాటి చట్టం వెనుక ప్రతినిధుల సభలోని సాధారణ విద్యా ఉపసంఘం అధ్యక్షుడిగా అతని శ్రమ ఉంది. ఇటీవలి వరకు అమెరికా కళాశాలల్లో పేద విద్యార్థులు తీసుకున్న పెర్కిన్స్ రుణం అతని పేరు మీదిదే.

సంగీతంలో ఈ లోయ ఇచ్చిన వస్తువు అపలాచియన్ డల్సిమర్. ఒడిలో పెట్టుకుని ఒక చేత్తో పుల్లతో స్వరం నొక్కుతూ, రెండో చేత్తో ఈకతో తంతులు మీటే సన్నని వాద్యం ఇది. ఒక తంతి మీద రాగం నడుస్తుంది, మిగిలినవి శ్రుతి పలుకుతాయి. నాట్ కౌంటీలోని బాత్ గ్రామానికి చెందిన జేమ్స్ ఎడ్వర్డ్ థామస్ (1850–1933) 1871 నుంచి సుమారు 1,500 వాద్యాలు చేశాడు. నడుము సన్నగా ఉండే అతని రూపమే నేడు ప్రమాణం. అతని దగ్గర నేర్చుకున్న జెత్రో అంబర్జీ సెటిల్‌మెంట్ స్కూల్లో వడ్రంగం చెబుతూ ఆ విద్యను ముందు తరానికి అందించాడు. ప్రార్థన మందిరంలో మాత్రం వాద్యం వినబడదు. ఓల్డ్ రెగ్యులర్ బాప్టిస్టుల సభల్లో నాయకుడు ఒక్కో చరణం ఎత్తి అందిస్తే, సభ అంతా సాగదీసిన స్వరంతో అందుకుంటుంది.

బొగ్గు కథ కాగితాలతో మొదలైంది. పందొమ్మిదో శతాబ్దం చివర దళారులు ఇంటింటికీ తిరిగి, ఎకరాకు కొద్దిపాటి సొమ్ము ఇచ్చి భూమి అడుగున ఉన్న ఖనిజ హక్కులు కొన్నారు. పైనేల రైతుకే ఉంటుందని రైతులు నమ్మారు. కానీ ఆ దస్తావేజుల్లో ఖనిజం తీయడానికి అవసరమైనదంతా చేసుకోవచ్చని రాసుంది. గడ్డపారలతో సొరంగాలు తవ్వే కాలంలో దానివల్ల పెద్దగా నష్టం లేదు. బుల్‌డోజర్లు వచ్చాక అదే వాక్యం అడ్డుపెట్టుకుని కంపెనీలు యజమాని అనుమతి లేకుండా కొండ పక్కను చెక్కి, మట్టిని కింది పొలాల మీదికి తోశాయి. 1956లో కెంటకీ అత్యున్నత న్యాయస్థానం కూడా కంపెనీల వైపే నిలిచింది.

1965లో హైండ్‌మన్‌లో రైతులు భూమినీ ప్రజలనూ కాపాడుకునేందుకు సంఘం కట్టారు. ఆ నవంబరులో ఆలీ కూంబ్స్ అనే 61 ఏళ్ళ వితంతువు నాట్ కౌంటీలోని హనీ గ్యాప్ దగ్గర తన ఇంటి పైన బుల్‌డోజరుకు అడ్డంగా కూర్చుంది. పోలీసులు ఆమెను చేతులూ కాళ్ళూ పట్టి మోసుకెళ్ళిన ఫోటో దేశమంతా చూసింది. ఆమె థాంక్స్‌గివింగ్ పండుగ రోజు జైల్లో గడిపింది. మరుసటి ఏడాది రాష్ట్రం ఉపరితల గనులపై గట్టి చట్టం తెచ్చింది. లూయీవిల్ పత్రిక కొరియర్-జర్నల్‌కు ఈ అంశంపై రాతలకు 1967లో పులిట్జర్ బహుమతి వచ్చింది. అయినా పాత దస్తావేజుల బలం పోలేదు. 1988లో ఓటర్లలో 82 శాతం మంది రాజ్యాంగ సవరణకు అనుకూలంగా ఓటు వేశాకే, దస్తావేజు రాసిన కాలంలో వాడుకలో ఉన్న పద్ధతిలో తప్ప పైనేల యజమాని ఒప్పుకోకుండా బొగ్గు తీయకూడదన్న నియమం స్థిరపడింది. ఆ వృద్ధురాలు కూర్చున్న రోజుకూ దీనికీ మధ్య 23 ఏళ్ళు గడిచాయి. ఈలోగా ఎన్నో కొండల నెత్తులు లేచిపోయాయి.

గని పని మంచి జీతం ఇచ్చింది, ఊపిరితిత్తులకు నల్లజబ్బునూ ఇచ్చింది. 2011లో తూర్పు కెంటకీలో 13 వేలకు పైగా ఉన్న బొగ్గు ఉద్యోగాలు ఐదేళ్ళలో 4 వేల లోపుకు పడిపోయాయి. 2010లో 16,346గా ఉన్న నాట్ కౌంటీ జనాభా పదేళ్ళలో రెండు వేలకు పైగా తగ్గింది. నొప్పి మాత్రలతో మొదలైన ఓపియాయిడ్ వ్యసనం గాయపడ్డ కార్మికుల ఇళ్ళలోకి, తరువాత వారి పిల్లల్లోకి పాకింది. దానికి హైండ్‌మన్ ఇచ్చిన సమాధానాల్లో ఒకటి థామస్ వృత్తి నుంచే వచ్చింది. అపలాచియన్ ఆర్టిజన్ సెంటరులో వ్యసనం నుంచి కోలుకుంటున్నవారికి వాద్యాల తయారీ నేర్పారు. 2019లో ట్రబుల్సమ్ క్రీక్ స్ట్రింగ్డ్ ఇన్‌స్ట్రుమెంట్ కంపెనీ గిటార్లు, మాండొలిన్లు, డల్సిమర్లు చేయడం మొదలుపెట్టి వారిలో కొందరికి ఉద్యోగాలిచ్చింది.

2022 జూలై చివరి వారంలో తూర్పు కెంటకీలో కొన్నిచోట్ల 14 నుంచి 16 అంగుళాల వాన పడింది. జూలై 27 రాత్రి తెల్లవారేలోగా ట్రబుల్సమ్ ఉప్పొంగింది. నిటారు వాలు నీటిని పట్టి ఉంచలేదు. తవ్విపోసి గట్టిపడిన గని నేలల్లో నీరు ఇంకే గుణం తక్కువ. ఇరుకు లోయలో వరదకు పక్కలకు పరుచుకునే జాగా లేక పైకే లేచింది. నిద్రలో ఉన్నవారికి కొండెక్కే వ్యవధి చిక్కలేదు. రాష్ట్రంలో ఆ వరదకు 45 మంది చనిపోయారు, మిగతా ఏ కౌంటీ కన్నా నాట్ కౌంటీలోనే ఎక్కువ మరణాలు. జాక్సన్ దగ్గర నది 43.47 అడుగులకు చేరి 1939 నాటి రికార్డును దాటింది. హైండ్‌మన్‌లో ఏటేటా జరిగే రచయితల శిబిరం ఆ వారంలోనే నడుస్తోంది, శిబిరానికి వచ్చినవారు చీకట్లో మిట్టకు ఎక్కారు. సెటిల్‌మెంట్ స్కూలు దస్తావేజుల గదిలోకి, వాద్యాల కర్మాగారంలోకి నీరు వచ్చింది. శతాబ్దం నాటి ఫోటోలను, ఉత్తరాలను స్వచ్ఛంద కార్యకర్తలు బురద కడిగి ఒక్కొక్కటిగా ఆరబెట్టారు. ఇళ్ళు పోయినవారిలో వరద బీమా ఉన్నవారు చాలా కొద్దిమంది.

మళ్ళీ అదే చోట కట్టుకోవడమా, వేరే చోటికి పోవడమా అన్న ప్రశ్నకు ఈ లోయలో జవాబు సులువు కాదు. వాగుకు దూరంగా చదును నేల సహజంగా లేదు. ఉన్నదల్లా గనులు కొండల నెత్తులు కోసి వదిలేసిన మిట్టలే. రాష్ట్ర ప్రభుత్వం అలాంటి పాత గని భూముల మీదనే కొత్త ఇళ్ళ సముదాయాలు మొదలుపెట్టింది. నాట్ కౌంటీలో చెస్ట్‌నట్ రిడ్జ్, పెర్రీ సరిహద్దు దగ్గర టాల్కమ్‌లో ఆలివ్ బ్రాంచ్ వాటిలో రెండు. భూమిలో కొంత దానంగా వచ్చినది. నీరు, కరెంటు, రోడ్డు అన్నీ కొత్తగా పైకి తీసుకెళ్ళాలి. ఇల్లు అమ్మదలచినవారి నుంచి కేంద్ర నిధులతో కొనుగోలు పథకం కూడా నడుస్తోంది. ఆ పథకం కింద కొన్న స్థలంలో మళ్ళీ ఎవరూ ఇల్లు కట్టకూడదు, దాన్ని శాశ్వతంగా ఖాళీగా ఉంచాలి. చుట్టాల మధ్య బతికిన వృద్ధుల్లో కొందరు మిట్ట మీది ఇంటి కన్నా పాత లోయలోనే, ఇంటిని కొన్ని అడుగులు ఎత్తి కట్టుకోవడానికి మొగ్గుచూపుతున్నారు.